టెక్ సందేహాలు: మీటరుది ఒక మాట, స్టిక్కరుది ఇంకో మాట

ఈ వారం ఉత్తరాలన్నీ కార్ల గురించే. అవీ జపాన్ నుంచి ఓడెక్కి వచ్చిన సెకండ్ హ్యాండ్ కార్లు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల శీర్షికలో కార్ల గోలేమిటని విసుక్కోకండి. చేతిలో ఫోను, కారు కంప్యూటరులోని లెక్కలు ఆ ఫోనుకు పంపే నాలుగు వందల రూపాయల ఓబీడీ డాంగిల్ ఉంటే తేలిపోయే సంగతులే ఇవన్నీ.

ఆక్లాండ్ వచ్చి ఆరు నెలలైంది. డీలరు దగ్గర 2013 టొయోటా ఆక్వా చూశాను. జపాన్ బండి. మీటరులో 71 వేల కిలోమీటర్లు ఉంది. "మైలేజీ జెన్యూన్" అంటున్నాడు. నిజమో కాదో చెప్పే యాప్ ఏదైనా ఉందా?
— ఒక పాఠకుడు, ఆక్లాండ్

ముందుగా ఒక తిరకాసు. మన దగ్గర మైలేజీ అంటే లీటరుకు ఎంత ఇస్తుందని. అక్కడ డీలరు మైలేజీ అంటే బండి మొత్తం ఎంత తిరిగిందని. ఫోన్లో ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ రెండూ కలిసిపోయి, "71 వేల మైలేజీయా!" అని మీ నాన్నగారు కంగారుపడొచ్చు.

ఇక మీ ప్రశ్న. ఒక్క నొక్కుతో నిజం చెప్పే యాప్ లేదు. ఉందని ఎవరైనా అమ్మితే కొనకండి. మీటరులో కనిపించేది ఒక్క అంకె, ఒక్క అంకెను మార్చడం ఎవరికైనా తేలికే. కారు తన జీవితంలో వేర్వేరు చోట్ల, వేర్వేరు తేదీల్లో వదిలిన అంకెలన్నీ వరుసలో పెట్టండి. ఆ వరుస ఎక్కడైనా వెనక్కి నడిస్తే బండి వదిలేయండి.

ఆ అంకెలు దొరికే మొదటి చోటు జపాన్ కాగితాలే. అక్కడ ప్రతి కారుకూ "షాకెన్" అనే తనిఖీ ఉంటుంది. కొత్త కారుకు మూడేళ్లకు మొదటిది, ఆ తర్వాత రెండేళ్లకోసారి. 2004 నుంచి ఆ పత్రం మీద మీటరు రీడింగు కూడా రాస్తున్నారు. మీ ఆక్వా 2013ది కాబట్టి 2016, 2018, 2020... ఇలా తనిఖీలు జరిగి ఉండాలి. కారు దేశం దాటేటప్పుడు ఇచ్చే ఎగుమతి పత్రం మీద కూడా చివరి తనిఖీలో నమోదైన రీడింగు ఉంటుంది. దాని నకలు, ఇంగ్లిష్ అనువాదంతో సహా, డీలరును అడగండి. 2020 తనిఖీలో 74,100 అని ఉండి, ఈరోజు మీటరు 71,000 చూపిస్తుంటే ఇంకేం మాట్లాడక్కర్లేదు. ఆ పత్రంలో అంకెలు ఎప్పుడూ రెండు సున్నాలతో ముగుస్తాయి, వందలోపు వదిలేస్తారు. అన్నీ గుండు సున్నాలేంటని దొంగ కాగితం అనుకోకండి.

తేదీలు చూసి కూడా తికమకపడకండి. జపాన్ కాగితాల్లో చక్రవర్తుల శకాలు నడుస్తాయి. హేసే సంవత్సరానికి 1988 కలపండి, రేవాకు 2018. హేసే 25 అంటే 2013. రేవా 2 అంటే 2020. వాడిన కార్లను వేలం వేసే చోట రాసే పత్రాల మీద ఇవే హెచ్25, ఆర్2 అని పొడిగా ఉంటాయి. మన ప్రభవ, విభవలు లెక్కపెట్టిన అలవాటు ఉన్నవాళ్లకు ఇదేం కొత్త కాదు.

రెండో చోటు న్యూజిలాండ్ రికార్డు. అక్కడ వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్, అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో చూసే తనిఖీ, చేయించిన ప్రతిసారీ రీడింగు నమోదవుతుంది. నంబరు ప్లేటు కొడితే ఆ చరిత్ర చూపే వెబ్‌సైట్లు ఉన్నాయి, కొంతవరకు ఉచితంగానే. జపాన్‌లో అమ్మే కార్లకు మనం అనుకునే 17 అక్షరాల విన్ (బండి గుర్తింపు) నంబరు ఉండదు, పొట్టి ఫ్రేమ్ నంబరే ఉంటుంది. మీ ఆక్వాకైతే ఎన్‌హెచ్‌పీ10తో మొదలవుతుంది. అందుకని న్యూజిలాండ్ వాళ్లే 7ఏ8తో మొదలయ్యే విన్ ఒకటి కేటాయిస్తారు. కారులో రెండూ ఉంటాయి, రెండూ రాసుకోండి. జపాన్ చరిత్ర వెతకడానికి ఫ్రేమ్ నంబరు కావాలి, న్యూజిలాండ్ చరిత్రకు ప్లేటు గానీ 7ఏ8 నంబరు గానీ కావాలి. చాలామంది విన్ కొట్టి చూసి, జపాన్‌లో ఏ రికార్డూ లేదని తేల్చేస్తారు. తప్పు నంబరుతో వెతికితే రికార్డు ఎలా దొరుకుతుంది?

మూడోది నాకు బాగా ఇష్టమైంది, పైసా ఖర్చు లేనిది. రెండేళ్ల కిందట మా బావమరిది న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఒక జపాన్ వ్యాన్ చూసి వీడియో కాల్ చేశాడు. మీటరులో 64 వేలు. బండి లోపల తళతళా మెరిసిపోతోంది. డ్రైవరు డోరు తెరిచి, డోరు మూసుకునే చోట స్తంభం మీద ఏమైనా అతికించి ఉందేమో చూడమన్నాను. అగ్గిపెట్టెంత నారింజ రంగు స్టిక్కరు, ఎండకు సగం వెలిసిపోయి ఉంది. దాని మీద ఫోను కెమెరాతో అనువాదం యాప్ పెట్టించాను. అక్షరాలు కాసేపు అటూ ఇటూ వణికి, "ఆయిల్ మార్పు" అని కుదురుకున్నాయి. కింద తేదీ 2017 మార్చి, 88,300 కిలోమీటర్లు. 2017లోనే 88 వేలు దాటిన బండి ఇప్పుడు 64 వేల దగ్గర పడుచుదనం ఒలకబోస్తోందన్నమాట. డీలరును అడిగితే "ఆ స్టిక్కరు వేరే కారుదై ఉంటుంది" అన్నాడట. "అయితే డోరు కూడా వేరే కారుదేనా అన్నా" అని మా వాడు వచ్చేశాడు.

ఇలాంటి స్టిక్కర్లు బానెట్ లోపల, టైమింగ్ బెల్ట్ కవర్ మీద కూడా ఉంటాయి. గ్లవ్ బాక్సులో జపనీస్ సర్వీసు పుస్తకం ఉంటే మరీ మంచిది. తిప్పేవాడు మీటరు తిప్పుతాడు, పుస్తకం చింపుతాడు, స్టిక్కరు మాత్రం మర్చిపోతాడు.

నాలుగోది ఓబీడీ డాంగిల్. బ్లూటూత్‌ది కొని స్టీరింగు కింది పోర్టులో పెట్టి, టార్క్ లాంటి యాప్‌లో "కోడ్లు చెరిపినప్పటి నుంచి తిరిగిన దూరం" అనే రీడింగు తెరవండి (కారులో లోపం వస్తే కంప్యూటరు రాసుకునే గుర్తులే ఈ కోడ్లు). అది మీటరులో కాక ఇంజన్ కంప్యూటరులో ఉండే లెక్క. మీటరు 48 వేలు చూపిస్తూ ఇది 61 వేలు చూపిస్తే దొంగ దొరికినట్టే. అయితే ఈ లెక్క 65,535 దగ్గర ఆగిపోతుంది. ఎవరైనా మెకానిక్ కోడ్లు చెరిపితే సున్నాకు వస్తుంది. కాబట్టి పెద్ద అంకె వస్తే పట్టుకోవచ్చు గానీ, చిన్న అంకె వచ్చిందని కారుకు కితాబు ఇవ్వొద్దు.

పెడల్ రబ్బరు అరిగిందా, స్టీరింగు నున్నబడిందా అని చూడమని పాత మెకానిక్‌లు చెబుతారు. చూడండి, తప్పులేదు. కానీ స్టీరింగు కవరు, పెడల్ రబ్బరు మీటరు కంటే చవగ్గా మారతాయి. నేను వాటికి పెద్ద విలువ ఇవ్వను.

చివరగా, డీలరు దగ్గర కొంటే అద్దం మీద వినియోగదారు సమాచార పత్రం అతికించి ఉండాలి. డ్యామేజీతో దిగుమతి అయిన బండి అయితే ఆ సంగతి అందులో రాయాల్సిందే. ఫోటో తీసి దాచుకోండి. తర్వాత గొడవైతే మోటారు వాహన వివాదాల ట్రైబ్యునల్‌లో ఆ ఫోటోనే మీ సాక్షి. కారు మీద పాత అప్పు ఉందేమో పీపీఎస్ఆర్ రిజిస్టర్‌లో చూసుకోవడం మరిచిపోవద్దు.

టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. టొయోటా ఇస్ట్ కొందామని చూస్తున్నా. బ్రోకరు వేలం షీట్ ఫోటో వాట్సాప్ చేశాడు. గ్రేడ్ 4.5 అని ఉంది. నమ్మొచ్చా?
— ఒక పాఠకుడు, దార్ ఎస్ సలామ్

షీట్‌ను నమ్మొచ్చు, ఫోటోను నమ్మలేం. జపాన్‌లో వాడిన కార్లు ఎక్కువగా వేలం కేంద్రాల మీదుగానే అమ్ముడవుతాయి. యూఎస్ఎస్ వాటిలో పెద్దది. వేలానికి ముందు అక్కడి తనిఖీదారు కారు చుట్టూ తిరిగి, కారు పరిస్థితికి గ్రేడ్ అనే మార్కు వేసి, ఒక కాగితం మీద చేత్తో రాసేస్తాడు. అదే వేలం షీట్. కారు ఎంతకు అమ్ముడుపోయినా ఆయనకు వచ్చేదేం లేదు, అందుకే ఆ కాగితానికి అంత విలువ. విలువ ఉంది కాబట్టే ఫోటోషాప్‌లో దిద్దేవాళ్లూ ఉన్నారు.

మీ దగ్గరున్న ఫోటోలో మొదట మైలేజీ గడి చూడండి. అంకె పక్కన నక్షత్రం గుర్తో, డాలరు గుర్తో, హ్యాష్ గుర్తో ఉంటే ఆగండి. మీటరు తిప్పారనో, మార్చారనో, అసలు ఎంత తిరిగిందో తెలియదనో తనిఖీదారు చెప్పే పద్ధతి అది. దిద్దేవాళ్లు ముందు చెరిపేదీ ఆ గుర్తునే, కాబట్టి గడి దగ్గర కాగితం రంగు తేడాగా ఉందేమో పెద్దది చేసి చూడండి.

తర్వాత షీట్‌లోని కారు బొమ్మ, దాని మీద రాసిన ఇంగ్లిష్ అక్షరాలు. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే డెంటింగ్ చేసిన చోటు, ఎక్స్‌ఎక్స్ అంటే భాగమే మార్చేశారు. పక్కన 1 ఉంటే చిన్నది, 3 ఉంటే పెద్దది. ఏ1, యూ1 నాలుగైదు ఉన్నంత మాత్రాన కంగారొద్దు. పదిహేనేళ్లు దాటిన ఇస్ట్ మీద ఒక్క గీతా లేదంటేనే నాకు అనుమానం. గ్రేడ్ గడిలో ఆర్ లేదా ఆర్ఏ ఉంటే యాక్సిడెంట్ అయి బాగు చేయించిన బండి. బాగా చేయించినది కూడా కావచ్చు, కానీ యాక్సిడెంట్ బండి ధరకే కొనాలి.

అసలు పని ఇది. బ్రోకరును ఫ్రేమ్ నంబరు అడగండి. చాసిస్ మీద కొట్టిన నంబరు ఫోటో, ఎన్‌సీపీ60 లాంటిదేదో, కావాలనండి. ఆ నంబరుతో వేలం షీట్ తెప్పించి ఇచ్చే సర్వీసులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, కొంత రుసుము తీసుకుంటాయి. మీరే డబ్బు కట్టి, మీరే తెప్పించుకోండి. "నేను వెరిఫై చేయించా, ఇదిగో పీడీఎఫ్" అని బ్రోకరు పంపితే అది పాత ఫోటోకు కొత్త కవరు మాత్రమే. ఫ్రేమ్ నంబరు ఇవ్వడానికి నీళ్లు నములుతుంటే ఆ సర్వీసు ఖర్చు కూడా మిగిలినట్టే, ఇంకో బండి చూసుకోండి.

క్రైస్ట్‌చర్చ్‌లో నిస్సాన్ లీఫ్, 2014 మోడల్. 50 వేలు కూడా తిరగలేదు, బ్యాటరీ గడులు 12కు 12 ఉన్నాయి. కళ్లు మూసుకుని కొనేయొచ్చు కదా?
— ఒక పాఠకురాలు, క్రైస్ట్‌చర్చ్

కళ్లు తెరిచే కొనండి. ఎలక్ట్రిక్ కారులో తిరిగిన కిలోమీటర్ల కంటే బ్యాటరీ ఆరోగ్యమే ముఖ్యం. ఆ లీఫ్‌లో బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు కూడా లేదు, ఊరికే నిలిపి ఉంచినా వయసు పడుతుంది. పదేళ్లు దాటిన బండికి 12 గడులూ ఉన్నాయంటే నేను సంతోషించే ముందు అనుమానిస్తాను. బ్యాటరీ కంప్యూటరును రీసెట్ చేస్తే గడులన్నీ నిండుగా కనిపిస్తాయి, కొన్ని వారాలు నడిపాక ఒక్కొక్కటే రాలిపోతాయి. అప్పటికి డబ్బు చేతులు మారి ఉంటుంది.

లీఫ్‌స్పై అనే యాప్, దానికి పనికొచ్చే ఓబీడీ డాంగిల్ తీసుకెళ్లండి. బ్యాటరీ ఆరోగ్యం శాతంలో చూపిస్తుంది, ఇప్పటిదాకా ఎన్నిసార్లు ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టారో కూడా చూపిస్తుంది. మొదటి గడి పోయేసరికే సుమారు 15 శాతం సామర్థ్యం పోయినట్టు లెక్క. తర్వాత ఫుల్ ఛార్జ్ చేయించి, మీరు రోజూ వెళ్లే దారిలోనే ఒకసారి నడిపి చూడండి. ఏ యాప్ కన్నా ఆ ప్రయాణమే నయం.

హైదరాబాద్‌లో ఉంటాం. జపాన్‌లో కార్లు చవక కదా, ఒకటి తెప్పించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

స్టీరింగు మనలాగే కుడివైపే ఉంటుంది, అంతవరకే అనుకూలం. వాడిన కారు మన దేశంలోకి రావాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబయి రేవులోనే దిగాలి, దాని మీద సుంకం కారు ధరను మింగేసేంత. చవక అన్న మాట సముద్రం మధ్యలోనే మునిగిపోతుంది. ఇక్కడే సెకండ్ హ్యాండ్ చూసుకోండి. అయితే మన ఆర్‌సీలో మీటరు రీడింగు ఉండదు. అందుకని కంపెనీ సర్వీస్ సెంటరుకు బండి నంబరు తీసుకెళ్లి సర్వీసు చరిత్ర అడగండి. యజమాని పక్కనే ఉండి ఒక మాట చెబితే చాలా చోట్ల ఇస్తారు. సర్వీసు సర్వీసుకూ పెరుగుతూ వచ్చిన రీడింగు ఒకచోట ఠక్కున పడిపోయిందా, లేక రెండేళ్లు అసలు సర్వీసే కనిపించడం లేదా అన్నది చూడండి. రెండోదానికి "బయట చేయించానండీ" అంటారు. బిల్లు చూపించమనండి.

మా ప్రియస్‌లో తెర నిండా జపనీస్. ఎస్‌డీ కార్డు పెట్టమంటోంది, రేడియోలో మన స్టేషన్లు రావడం లేదు. ఇంగ్లిష్‌లోకి మార్చే సెట్టింగు ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, వెల్లింగ్టన్

ఎక్కడా లేదు. అడిగేది మ్యాపుల కార్డు. ఎగుమతికి ముందు ఎవరో తీసేసి ఉంటారు, దొరికినా అందులో ఉండేది జపాన్ రోడ్లే. జపాన్ రేడియో 76 నుంచి మొదలై 90, కొత్తవాటిలో 95 దగ్గర ఆగిపోతుంది. మీ స్టేషన్లు 88 నుంచి 108 మధ్యలో ఉంటాయి. చవకగా కావాలంటే బ్యాండ్ ఎక్స్‌పాండర్ అనే చిన్న పెట్టె పెట్టించుకోండి, రేడియో వరకు సరిపోతుంది. లేదంటే ఆ తెర తీయించి ఆండ్రాయిడ్ స్టీరియో వేయించుకోండి. వేయించే ముందు రివర్స్ కెమెరా, స్టీరింగు మీది బటన్లు దానికి పనిచేస్తాయో లేదో షాపువాడితో కాగితం మీద రాయించుకోండి. పాత తెర మాత్రం పారేయకండి, డిక్కీలో పడేసి ఉంచండి. అమ్మేరోజున ఎవరో ఒకరు అడుగుతారు.