కట్‌పర్స్ అంటే ఎలాంటి దొంగ?
మనిషి నడుముకు వేలాడే డబ్బు సంచిని, దాని తాడు కోసి కొట్టేసే దొంగే కట్‌పర్స్. మధ్యయుగాల్లో ఇంగ్లండ్‌లో బట్టలకు జేబులు కుట్టే అలవాటు లేదు. నాణేలు చిన్న సంచిలో వేసి నడుం పట్టీకి కట్టుకునేవారు. సంత రద్దీలో చిన్న కత్తి, చేతివాటం ఉంటే చాలు. జేబులొచ్చాక పిక్‌పాకెట్ అన్న మాట స్థిరపడి కట్‌పర్స్ అన్న మాట వెనకబడింది. ఇప్పుడు చారిత్రక నవలల్లో తప్ప పెద్దగా కనబడదు. 17వ శతాబ్దపు లండన్‌లో మేరీ ఫ్రిత్ అనే ఆవిడ ‘మాల్ కట్‌పర్స్’గా పేరుమోసింది (ఈ పనిలో ఆడవాళ్లూ ఉండేవారన్నమాట). పేరులో కోయడం ఉంది కదా అని కత్తి చూపించి బెదిరించేవాడనుకుంటారు చాలామంది. కాదు, సొమ్ముగలవాడికి తెలియకుండా లాగేయడమే ఇతని పని.