హంతకుడి నాన్న గురించి రాయి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ డిటెక్టివ్ కథ అందింది. విషం గురించి బాగా చదివి రాశావని తెలుస్తోంది. కానీ చివర ఇన్‌స్పెక్టర్ చేత "చిన్నప్పటి అవమానానికి పగ తీర్చుకున్నాడు" అనిపించి ముగించేశావు. అక్కడే నాకు కోపం వచ్చింది. విషానికి నాలుగు పేజీలిచ్చి మనిషికి ఒక్క వాక్యమా?

యోషితారో నొమురా 1974లో తీసిన జపాన్ సినిమా ‘సునా నో ఉత్సువా’ చూడు. సెయిచో మత్సుమొతో నవల దానికి ఆధారం. 1960లో యొమియురి పత్రికలో సీరియల్‌గా మొదలైంది. టోక్యోలోని కమతా రైల్వే యార్డులో ఒక పెద్దాయన శవం దొరుకుతుంది. ఆయన బార్‌లో ఎవరితోనో మాట్లాడుతుండగా వినబడిన ‘కమెదా’ అన్న మాట, ఈశాన్య జపాన్ యాస, ఇవే ఆధారాలు. డిటెక్టివ్ ఇమనిషి ఈశాన్యాన ఉన్న అకితా దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తాడు. పడమట ఇజుమో వైపు కూడా అలాంటి యాసే ఉందని, అక్కడ కమెదకే అనే ఊరుందని తర్వాత తెలుస్తుంది.

నవలలో శబ్ద తరంగాలతో చంపే ఏర్పాటు కూడా ఉంది. స్క్రీన్‌ప్లే రాసిన షినోబు హషిమొతో, యోజి యమదా దాన్ని తీసేశారు. నవల క్లుప్తంగా చెప్పి వదిలేసిన సంగతిని పట్టుకున్నారు. కుష్ఠు సోకిన తండ్రి, పసివాడైన కొడుకు ఊరొదిలి బిచ్చమెత్తుకుంటూ నడిచిన దారి అది. చివర్లో సుమారు 40 నిమిషాలు ఒకపక్క పోలీసుల సమావేశం, ఇంకోపక్క పెద్ద సంగీతకారుడైన ఆ కొడుకు కచేరీ, మధ్యలో ఆ నడక. మంచు, సముద్రపు ఒడ్డు, తరిమికొట్టే ఊళ్లు. మాటలు దాదాపు లేవు. వాళ్లను చేరదీసిన పోలీసు మికియే ఆ శవం. తండ్రిని ఒక్కసారి వచ్చి చూడమని పట్టుబట్టాడు, అంతే, ఆ కొడుకే అతణ్ని చంపేశాడు. నవలలో తండ్రి అప్పటికే పోయాడు. సినిమాలో బతికే ఉంటాడు. కొడుకు ఫోటో చూపిస్తే ఇతనెవరో తెలియదని ఏడుస్తాడు. కుష్ఠు రోగులను వేరుగా ఉంచే చట్టం జపాన్‌లో 1996 దాకా ఉంది. తండ్రి ఎవరో బయటపడితే కొడుక్కి ఏమవుతుందో ఆ ముసలాయనకు తెలుసు.

నేను వారపత్రికకు సీరియల్ రాసే రోజుల్లో ఒక ఎడిటర్, దొంగ తన తల్లిని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లే అధ్యాయం మొత్తం కొట్టేశాడు. "వారం వారం ట్విస్టు కావాలి, ఏడుపు కాదు" అన్నాడు. ఇంటద్దె టెన్షన్‌లో ఉన్నాను, నోరు మెదపలేదు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. ఇప్పుడు వెబ్ సిరీస్‌లూ అదే దారి పట్టాయి. ఎపిసోడ్ చివర ఒక అదురు ఉంటే చాలు, మనిషి ఏమైపోయినా ఫరవాలేదు.

నీ కథలో హంతకుడు తండ్రి పనిచేసే హోటల్ ముందు నుంచి వెళ్లకుండా చుట్టూ తిరిగి కాలేజీకి పోతాడు. నువ్వు ఆ మాట రాసి పక్కకు వెళ్లిపోయావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. తండ్రి అక్కడ ఏం పని చేసేవాడు? ఎవరి ముందు, ఏ మాటతో ఆ అవమానం జరిగింది? కొడుకు ముఖం తిప్పుకుంటే తండ్రి చూశాడా? ముందు ఇవి రాసి పంపు. విషం రెండు లైన్లు చాలు. నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.