క్రియాటినిన్ సరిగా ఉన్నా మూత్రంలో ఆల్బుమిన్ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 46 సంవత్సరాలు. కడుపు స్కానింగులో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ ఉందని తేలింది. మద్యం అలవాటు లేదు, షుగర్ లేదు. బీపీ మాత్రం 138/88 ఉంటోంది. క్రియాటినిన్ 0.9 ఉన్నా, మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి 58 వచ్చింది. మూత్రంలో నురగ కనిపించడం లేదు. కాలేయానికీ కిడ్నీలకూ సంబంధం ఉందా? దీన్ని పట్టించుకోవాలా?
– ఒక పాఠకుడు

జవాబు: పట్టించుకోవాలి. అయితే ఈ ఒక్క రిపోర్టుతోనే కిడ్నీలు పాడయ్యాయని బెంగపడనక్కరలేదు.

ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసేది కాలేయమే. దాన్ని మూత్రంలోకి జారిపోకుండా ఆపేది మూత్రపిండాల్లోని వడపోత పొర. ఆ పొర దెబ్బతినడం మొదలైనప్పుడు ఆల్బుమిన్ కొద్దికొద్దిగా కారుతుంది. కాలేయంలో కొవ్వు పేరుకునేలా చేసే ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం), అధిక బరువు, రక్తపోటు వడపోత పొరలోని సన్నని రక్తనాళాలను కూడా ఒత్తిడికి గురిచేస్తాయి. పైగా కొవ్వు పట్టిన కాలేయం నుంచి వాపును ప్రేరేపించే పదార్థాలు రక్తంలోకి చేరి ఆ నష్టాన్ని పెంచుతాయి. అందుకే షుగర్ లేని ఫ్యాటీ లివర్ రోగుల్లోనూ కిడ్నీ పరీక్షలు అవసరమవుతాయి.

క్రియాటినిన్ అంటే కండల నుంచి వచ్చే, కిడ్నీలు వడకట్టి పంపే వ్యర్థం. అది 0.9 ఉందని నిశ్చింతగా ఉండకండి. కిడ్నీల సామర్థ్యం దాదాపు సగం తగ్గేదాకా కొందరిలో అది మామూలు హద్దుల్లోనే కనిపిస్తుంది. కాలేయ జబ్బు ముదిరి కండలు కరిగినవారిలోనైతే అది మరింత తక్కువగా ఉండి, లేని ధైర్యాన్నిస్తుంది. నురగ సంగతీ అంతే: గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే సాధారణం, 30 నుంచి 300 వరకు తొలి దశ, మీ 58 దగ్గర నురగ కనిపించకపోవడమే మామూలు, మామూలు మూత్రపరీక్ష పట్టీ కూడా దాన్ని పసిగట్టలేకపోవచ్చు.

ఈ పరీక్షను తెల్లవారి మొదటి మూత్రంతో మళ్లీ చేయించండి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు చేసిన భారీ వ్యాయామం కూడా ఈ అంకెను పెంచగలవు. మూడు నెలల వ్యవధిలో చేసిన మూడు పరీక్షల్లో కనీసం రెండింట 30 దాటితేనే ఆల్బుమిన్ పోతోందని ఖాయం చేస్తారు. ఈలోగా ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా), మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) చూడాలి. కాలేయం గట్టిపడుతోందో లేదో తొలి అంచనా వేయడానికి ఫిబ్-4 లెక్క చాలు, దానికి వయసు, రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య తెలిస్తే సరిపోతుంది.

ఆల్బుమిన్ పోతోందని ఖాయమైతే, మీ బీపీకి ఏసీఈ ఇన్హిబిటర్ లేదా ఏఆర్‌బీ తరగతి మందు సరిపడుతుందేమో మీ వైద్యుడు నిర్ణయిస్తారు. ఇవి రక్తపోటుతోపాటు ఆల్బుమిన్ కారడాన్నీ తగ్గిస్తాయి. అధిక బరువు ఉంటే 7 నుంచి 10 శాతం తగ్గడం కాలేయానికి ఏ టానిక్కూ చేయనంత మేలు చేస్తుంది. లివర్ శుభ్రం చేస్తామనే పొడుల జోలికి మాత్రం వెళ్లకండి, వాటిలో కొన్ని ఈ రెండు అవయవాలనూ దెబ్బతీసినవే. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలను సొంతంగా వాడడమూ మానండి.

కాళ్లు ఉబ్బినా, మూత్రంలో రక్తం కనిపించినా, నిష్పత్తి 300 దాటినా మూడు నెలలు ఆగకుండా వెంటనే కిడ్నీ నిపుణుణ్ని సంప్రదించండి.