బైబిల్లో "ఒకనినొకడు హెచ్చరించుచు" అంటే తప్పులు ఎత్తిచూపమనా?

కాదు, అక్కడ "హెచ్చరించడం" అంటే ప్రధానంగా తోటి విశ్వాసికి ధైర్యం చెప్పి, విశ్వాసంలో నిలబడేలా పురికొల్పడం.

హెబ్రీ పత్రికలోని (హెబ్రీయులకు రాసిన ఉత్తరంలోని) ఆ మాటకు గ్రీకు మూలం "పరాకలేయో". పక్కకు పిలవడం అన్న భావం నుంచి వచ్చిన క్రియ ఇది. ఓదార్చడం, బతిమాలడం, ప్రోత్సహించడం అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. పరిశుద్ధాత్మను "ఆదరణకర్త" అని పిలిచే మాట కూడా ఇదే ధాతువుది. మన పాత అనువాదం సందర్భాన్ని బట్టి ఒకచోట "ఆదరణ" అని, మరోచోట "హెచ్చరిక" అని రాసింది. ఇప్పటి వాడుకలో హెచ్చరిక అంటే ప్రమాద సూచనే కాబట్టి చదివేవారు తడబడతారు.

తొలి సంఘంలోని బర్నబాను చూడండి. అతని అసలు పేరు యోసేపు, కుప్రలో (సైప్రస్ ద్వీపంలో) పుట్టిన లేవీయుడు. అపొస్తలులు అతనికి పెట్టిన పేరుకు మన బైబిల్లో "హెచ్చరిక పుత్రుడు" అని అర్థం ఇచ్చారు. అతను గద్దించినందుకు వచ్చిన పేరు కాదది. ఒకప్పుడు సంఘాన్ని హింసించిన సౌలు (తర్వాత పౌలు) యెరూషలేముకు వస్తే శిష్యులు నమ్మలేక భయపడ్డారు. బర్నబాయే అతన్ని చేరదీసి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు, అతని తరఫున మాట్లాడాడు. ఎంత గొప్ప హెచ్చరిక అది!

చాలామంది ఇది పాస్టరుగారి పని అనుకుంటారు. "ఒకనినొకడు" అన్న మాట సంఘంలో అందరికీ వర్తిస్తుంది. అలాగని తప్పు సరిదిద్దడం వద్దని కాదు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో అక్రమంగా నడిచేవారికి బుద్ధి చెప్పమనీ, ధైర్యం చెడినవారిని ధైర్యపరచమనీ, బలహీనులకు ఊతనివ్వమనీ విడివిడిగానే ఉంది.