పాత సమాధుల తోట బాగుచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

"మా ఊళ్ళో దొరల కాలం నాటి సమాధుల తోట ముళ్ళకంపలతో నిండిపోయింది, పదిమందిమి కలిసి ఆదివారాలు శుభ్రం చేద్దామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి" అని అడిగారు కదండీ. మాది బందరు. ఇక్కడ ఒక చర్చి అజమాయిషీలో ఉన్న పాత తోటలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాం. ముందు మేం చేసిన తప్పు చెప్తాను, మీరూ అదే చేస్తారేమోనని నా భయం.

మొదటి నెలలోనే ఒక పలక మీద పాకుడు పట్టి అక్షరాలు కనబడట్లేదని బాత్రూములు కడిగే యాసిడ్ పోసి ఇనప బ్రష్షుతో రుద్దాం. గంటలో రాయి తెల్లగా వచ్చేసింది, అందరం సంతోషపడి ఫోటోలు కూడా దిగాం. తర్వాతి వానాకాలానికి దాని పైభాగం పొరలు పొరలుగా లేచి రాలిపోయింది. అది ఒక పసిబిడ్డ సమాధి. పేరులో మొదటి మూడక్షరాలు, కింద 11 నెలల వయసు అన్న వరస, అంతే మిగిలాయి. ఎన్నో తుఫాన్లు తట్టుకున్న పేరు మా చేతుల్లో పోయింది. ఇప్పటికీ అటు వెళ్తే కాసేపు అక్కడ నిలబడకుండా రాలేను.

అందుకే యాసిడ్, బ్లీచింగ్, ఇనప బ్రష్షు, కార్లు కడిగే ప్రెషర్ పంపు, ఇవేవీ గేటు లోపలికి రానివ్వకండి. మామూలు నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. రాయి పొక్కులు లేచి ఉంటే నీళ్ళు కూడా వద్దు, అలాగే వదిలేయండి. అక్షరాలు చదవడానికి సుద్ద, పిండి రుద్దేవాళ్ళుంటారు, వద్దని చెప్పండి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్తే మధ్యాహ్నం ఏమీ కనబడని రాయి మీద కూడా అక్షరాలు నీడలతో పైకి తేలతాయి. చెట్టు నీడలో ఉన్న రాయికైతే ఒకరు నిలువుటద్దం పట్టుకుని పక్కనుంచి వెలుగు పడేలా చూస్తే ఇంకొకరు ఫోటో తీసుకోవచ్చు. మాకు ఎక్కువ రాళ్ళు అలాగే దొరికాయి.

కంపలు కొట్టకముందే తోటకి ఒక ప్లాన్ గీసుకుని, కనబడే ప్రతి సమాధికి కాగితం మీద నంబరు వేసి (రాయి మీద పెయింటుతో కాదు), నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. పని మొదలయ్యాక రాళ్ళు కదులుతాయి, విరిగిన ముక్క ఏ సమాధిదో తర్వాత ఎవరికీ గుర్తుండదు. మీ ఊరు పాత మద్రాసు ప్రెసిడెన్సీలోదైతే 1905లో కాటన్ అనే అధికారి (గోదావరి ఆనకట్ట కాటన్ దొర కాదు, వేరే ఆయన) అచ్చువేయించిన సమాధి శాసనాల జాబితా చూడండి. అన్ని సమాధులూ అందులో లేవు గానీ, ఇప్పుడు చెరిగిపోయిన రాతలు కొన్ని అందులో అక్షరాలా దొరుకుతాయి. మా పసిబిడ్డ పేరు మాత్రం లేదు.

స్థలం ఎవరిదో తేల్చుకోవడం కూడా ఆ మొదటి వారంలోనే. ఇక్కడ ఒలందుల (అంటే డచ్చివాళ్ళ) గోరీలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటి చోట అనుమతి లేకుండా మన చేత్తో ఏ పనీ చేయకూడదు, చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలకి నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రణ ఉంటుంది. చర్చిదైతే పాస్టరుగారి దగ్గరా కమిటీ దగ్గరా నోటిమాట చాలదు, కాగితం తీసుకోండి. మాకు నోటిమాట ఇచ్చినాయన బదిలీ అయిపోతే నాలుగు నెలలు పని ఆగింది.

చెట్ల విషయంలో తొందర పడకండి. సమాధి పగుల్లో మొలిచిన రావిమొక్కని పీకితే వేరుతోపాటు కట్టడం కూడా ఊడి వస్తుంది, అందుకని మొదలుదాకా కోసి, మళ్ళీ చిగురు వచ్చినప్పుడల్లా కోస్తూ వేరు చచ్చేదాకా ఆగాలి. సర్కారు తుమ్మ మొద్దు నుంచి మళ్ళీ లేస్తుంది, ఖాళీ నేలలో అయితే వేరుతో తవ్వేయండి, సమాధి పక్కనైతే తవ్వద్దు. వానాకాలంలో వెళ్ళకండి, పాములుంటాయి. ఎండాకాలంలో కూడా బూట్లు లేకుండా ఎవర్నీ లోపలికి పంపకండి.

ఎవరో ఒకరు తప్పకుండా రెండు బస్తాల సిమెంటు విరాళం ఇస్తానంటారు. తీసుకోకండి. పాత కట్టడాలు సున్నం గచ్చువి, వాటిలో చెమ్మ లోపలికీ బయటికీ పోతూ ఉంటుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, మా లాంటి సముద్రపు ఊళ్ళల్లో ఉప్పు కూడా చేరి ఇటుకని లోపల్నుంచి పిండి చేస్తుంది. డంగు సున్నం పని తెలిసిన మేస్త్రి దొరికేదాకా పగుళ్ళని పగుళ్ళలాగే ఉంచినా నష్టం లేదు.

అన్నిటికన్నా ఎక్కువ టైం పట్టేది చుట్టుపక్కల మనుషులతో. "తెల్లోళ్ళ గోరీలు మనకెందుకు" అని ప్రతివాళ్ళూ అడిగారు. మా ఊళ్ళో పేటల పేర్లే చెప్పేవాణ్ణి: ఒలందుల వల్ల వలందపాలెం, ఫ్రెంచివాళ్ళ వల్ల పరాసుపేట, పక్కన ఇంగ్లీషుపాలెం. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారు, వాళ్ళలో పేరు చెక్కిన రాయి ఉన్నవాళ్ళు ఎంతమంది? ఉన్న నాలుగు రాళ్ళూ పోతే ఇక చూపించడానికి ఏముంటుంది?

కానీ నా మాటలకన్నా గోడ పక్కింటి మామ్మగారి వల్లే పని జరిగింది. ఆవిడ ఒకరోజు వచ్చి, వెనక గోడ దగ్గర కంపల్లో తెలుగు రాళ్ళున్నాయి, చిన్నప్పుడు చూశానని చెప్పింది. నిజంగానే ఏడు దొరికాయి. పాత అరసున్నలతో, గుండ్రటి చేతిరాతలాంటి అక్షరాలతో, ఉపదేశకులవి, బడిపంతుళ్ళవి. ఆ తర్వాత "తెల్లోళ్ళ గోరీలు" అన్న మాట తగ్గింది, గేటు తాళం ఇప్పుడు మామ్మగారి దగ్గరే ఉంటుంది.

ఇంకొక్క మాట. నవంబరు 2 సమాధుల పండుగకి కుటుంబాలవాళ్ళు వచ్చి సున్నాలు వేస్తారు, పూలు, కొవ్వొత్తులు పెడతారు. తమవాళ్ళ సమాధికి రంగు వేసుకునే హక్కు వాళ్ళది, అందులో మనం వేలు పెట్టకూడదు. ఇబ్బంది ఎక్కడంటే మిగిలిన ఎనామిల్ పెయింటు పాపం దిక్కులేదు కదా అని పక్కనున్న పాత రాయికి కూడా పూస్తారు, అక్షరాలు దాని కింద మూసుకుపోతాయి. మేం ఆ రోజు పొద్దున్నుంచీ అక్కడే ఉండి పాత సమాధుల మీద పెట్టమని బంతిపూలు ఇస్తాం. పూలు ఇస్తే ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

మీ తోటలో తెలుగు రాళ్ళు కనబడితే, చదవడం కష్టమైతే, పొద్దుటి ఎండలో తీసిన ఫోటో ఇక్కడ పెట్టండి. నేనూ మా వాళ్ళూ కూర్చుని చదివిపెడతాం.