లెఫ్ట్ కార్నర్‌కి వెళ్తున్న మేనల్లుడికి

అల్లుడూ,

నిన్న రాత్రి పదకొండింటికి మీ అమ్మ ఫోన్ చేస్తే గుండె గుభేలుమంది. ఆ వేళప్పుడు మోగే ఫోన్లో మంచి కబురు ఎప్పుడు విన్నాం? తీరా ఎత్తితే నీకు ప్రో కబడ్డీలో లెఫ్ట్ కార్నర్ చోటు దొరికిందట, అదే, ఎడమ చివర నిలబడి కాలు పట్టేవాడి చోటు. మీ అత్తని లేపి చెప్పి, మళ్లీ పడుకున్నానే గానీ తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

అగ్రిమెంట్ చదవకుండా సంతకం పెట్టకు. నొప్పి దాచకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయం వేరే ఉంది. సంక్రాంతి పోటీల్లో నువ్వు కూతకొచ్చిన రైడర్ యాంకిల్ పట్టావంటే చాలు, మిగతా ఆరుగురూ వచ్చి మీద పడేవాళ్లు. మన ఊళ్లో ఆట నిన్ను చూసి నడిచింది. అక్కడ ఒక్కో కోచ్‌ది ఒక్కో పద్ధతి. కొన్ని జట్లు ఎదుటివాళ్ల మొదటి రెండు రైడ్లనీ కావాలనే ఖాళీగా, ఎవరికీ పాయింటు లేకుండా పోనిస్తాయి. మూడోది డూ ఆర్ డై. పాయింటు తేకపోతే రైడర్ అవుట్, కాబట్టి వాడు లోతుకి రాక తప్పదు. అప్పుడు పడతాయి మీద. అలాంటి జట్టులో కాలు కనిపించిందని మొదటి రైడ్‌కే దూకావనుకో, అడ్వాన్స్ ట్యాకిల్, అంటే తొందరపడి ముందే పట్టబోయావని తిట్టి బెంచీ మీద కూర్చోబెడతారు. అదే దూకుడు ఇంకో జట్టులో అయితే భుజం తడతారు.

తెలుగు టైటాన్స్‌కి విశాల్ భరద్వాజ్ లెఫ్ట్ కార్నర్ ఆడేటప్పుడు మనిద్దరం టీవీ ముందు కూర్చునేవాళ్లం, గుర్తుందా? నువ్వు అతని చేతులే చూసేవాడివి. పక్కనున్న కవర్‌ని చూడరా అని నేను మొత్తుకునేవాణ్ని, అంటే కార్నర్‌కి తోడుగా లోపలివైపు నిలబడేవాణ్ని. నువ్వు కాలు పట్టాక రైడర్ గీత వైపు వాలకుండా అడ్డం పడాల్సింది అతనే. అతను అర సెకను ఆలస్యమైతే రైడర్ వేళ్లు మధ్య గీతని తాకుతాయి. కానీ లెక్కల్లో తప్పు నీ పేరున పడుతుంది.

రైడర్ల సంగతి కూడా నీకు ముఖ్యమే. నువ్వు అవుటైతే మళ్లీ లోపలికి రావాలంటే మీవాళ్లు టచ్ పాయింటో ట్యాకిల్ పాయింటో తేవాలి. బోనస్‌కి ఎవరూ రివైవ్ కారు, అది ఎవరినీ తాకకుండా బోనస్ గీత దాటి తెచ్చే పాయింటు కదా. మీ రైడర్లు బోనస్‌ల మీద బతికే రకమైతే బయట కూర్చుని గోళ్లు కొరుక్కోవాల్సిందే. అలాంటి మ్యాచ్ తర్వాత నీ పేరు పక్కన సున్నా చూసి, ఆట మర్చిపోయానేమో అని టెన్షన్ పడకు.

ఇప్పుడు మీ అమ్మకి కూడా తెలియని సంగతి చెబుతాను.

1996లో నేను ఒక డిపార్ట్‌మెంట్ జట్టులోకి కొత్తగా వెళ్లాను. మాది చైన్ ఆట. కెప్టెన్ లెఫ్ట్ ఇన్, నేను కార్నర్, చేతులు పట్టుకుని నిలబడేవాళ్లం. మొదటి వారమే చెప్పాడు: "నీ వేలు ఒకసారి నొక్కితే ఆగు, రెండుసార్లు నొక్కితే వెళ్లు." నాకు నవ్వొచ్చింది. ఎప్పుడు పట్టాలో నాకొకడు వేలు నొక్కి చెప్పాలా?

సెమీఫైనల్. రెండు పాయింట్లు ముందున్నాం. వాళ్లది చివరి రైడ్. ఊరికే వెనక్కి జరిగి నిలబడితే గెలిచినట్టే. రైడర్ నా వైపు వచ్చి కుడికాలు చాపాడు. కెప్టెన్ నా వేలు ఒకసారి నొక్కాడు. బాగా తెలుసు నాకు, ఒక్కసారే. చెమటకి తడిసిన చేతిని లాగేసుకుని దూకాను. రైడర్ గాల్లోకి లేచాడు. నేను ఖాళీ మట్టిని కౌగిలించుకున్నాను. వాడి మడమ నా వీపుకి తగిలింది. నన్ను కాపాడబోయి కెప్టెన్ వచ్చాడు, అతని వెనక కవర్ వచ్చాడు. రైడర్ ముగ్గురినీ తాకి వెళ్లిపోయాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

కెప్టెన్ మోకాలు అప్పుడే తిరిగింది. మళ్లీ ఆడలేదతను. బస్సులో నా పక్కనే కూర్చున్నాడు, కాలు ఎదుటి సీటు మీద చాపి. ఒక్క మాట అనలేదు. పొట్లం విప్పి పులిహోర సగం నాకు పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ చెయ్యి అలా జారిపోవడం నా వేళ్లకి ఇంకా గుర్తుందిరా. నీ మోకాళ్ల గురించి నేను మాటిమాటికీ ఎందుకు అడుగుతానో ఇప్పటికైనా అర్థమైందా?

అందుకని క్యాంపులో దిగిన రోజు నీ పట్టు చూపించకు. పక్కవాడు హర్యానావాడో తమిళవాడో అవుతాడు. భాష రాకపోయినా అతని పక్కనే కూర్చుని తిను. ఎప్పుడు కదులుతాడు, ఏ కాలు ముందు వేస్తాడు, ఏ సైగ చేస్తాడు, అన్నీ అడుగు. సిగ్గుపడకు. మూర్ఖుడా, నువ్వు అడగవని నాకు తెలుసు, మా రక్తమేగా! అయినా అడుగు.

ఆదివారం ఫోన్ చెయ్యి. ముందు నీ పక్కవాడి పేరు చెప్పు, తర్వాత నీ ట్యాకిళ్ల సంగతి. మీ అత్త సున్నుండలు డబ్బా నిండా కట్టింది. 85 కిలోలు దాటితే ఆడనివ్వరు కదా, అన్నీ నువ్వే తినేయకు. సగం అతనికి పెట్టు.

మీ మామయ్య