డాష్‌బోర్డ్ కోయించకండి: 1966 అంబాసిడర్‌లో బ్లూటూత్ స్టీరియో గురించి

మీరు అడిగింది ఇదీ: తాతగారి 1966 అంబాసిడర్ మీ చేతికొచ్చింది, ఫోన్‌లో పాటలు బండిలో వినపడేలా బ్లూటూత్ స్టీరియో పెట్టించాలి, చెన్నైలో మీరు చూపించిన షాపువాళ్ళేమో పాత రేడియో పీకేసి డాష్‌బోర్డ్ కోస్తే తప్ప కుదరదంటున్నారు, కోయించాలా వద్దా అని. వద్దండీ. ముందు ఆ షాపుకి ఫోన్ చేసి పని ఆపమని చెప్పండి, మిగతాది తర్వాత చదవండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మాది నెల్లూరు జిల్లా, నాన్న ఉద్యోగం కోసం మద్రాసు వచ్చి కోడంబాకంలో స్థిరపడ్డారు. ఆయన కొన్న 1978 ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దాంట్లో రెండు నాబ్‌ల రేడియో ఉండేది, మీడియం వేవ్ ఒక్కటే. దేశంలో ఎఫ్ఎం మొదలైంది 1977లో ఈ ఊళ్ళోనే, కానీ ఆ రేడియోలో అది రాదు. పండక్కి ఊరెళ్తుంటే రెడ్‌హిల్స్ దాటాక నాన్న ఎడం చేత్తో నాబ్ తిప్పుతూ విజయవాడ స్టేషన్ కోసం వెతికేవారు, పొద్దుగూకితే మీడియం వేవ్ చాలా దూరం నుంచి అందుతుంది కాబట్టి సూళ్ళూరుపేట వచ్చేసరికి గరగరల మధ్య నుంచి తెలుగు మాటలు వినపడేవి, అమ్మ వెనక సీట్లో మాటలు ఆపేసి వినేది. 1996లో నాకు క్యాసెట్ డెక్ కావాలనిపించి నాన్న ఊళ్ళో లేనప్పుడు బండి ఒక షాపులో ఇచ్చాను. వాళ్ళు కట్టర్‌తో రేకు కోసి డెక్ దూర్చారు, తీసిన రేడియోని పాత సామాన్లలో పడేశారు, నేనూ అడగలేదు. నాన్న వచ్చి చూసి ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ తర్వాత చాలా ఏళ్ళు, బండి నడుపుతూ ఆయన చెయ్యి ఆ నాబ్ ఉండే చోటిదాకా వెళ్ళి వెనక్కి రావడం నేను చూస్తూనే ఉన్నాను.

దాన్ని సరిచేయడానికి 2017లో నాలుగు వారాలు పాత బళ్ళ సామాన్లు దొరికే పుదుపేటలో తిరిగాను. తుక్కుకి వచ్చిన ఒక పద్మిని డాష్‌బోర్డ్ నుంచి రేడియో చుట్టూ ఉండే రేకు కోయించి, టింకరింగ్ మేస్త్రీతో మన దాంట్లో అతికించి, రంగు కలిపి కొట్టించాను. అలాంటి రేడియోనే ఒకటి దొరికింది. కోయడానికి అరగంట పట్టింది, మళ్ళీ అతికించడానికి ఇరవై ఒక్క ఏళ్ళు పట్టింది. మీ బండికి ఆ గాయం ఇంకా తగల్లేదు.

కోయమని వాళ్ళు ఎందుకంటున్నారో కూడా చెబుతాను, వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకి తెలిసిన పద్ధతి అదే. ఇప్పటి స్టీరియో ముఖం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు, పెద్ద స్క్రీన్ ఉన్నదైతే ఎత్తు 100. పాత రేడియోలకి అటూ ఇటూ రెండు కాడలు, మధ్యలో సూది కనపడే చిన్న కిటికీ ఉంటాయి. ఆ మూడు కన్నాల్లో కొత్తది పట్టదు. కానీ పాటలు వినడానికి స్టీరియో ముఖం మీకు కనపడాల్సిన అవసరమే లేదు కదా, ఫోన్ చేతిలో ఉన్నప్పుడు. నేను చేసింది అదే. పాత రేడియో దాని చోట అలాగే ఉంది, వెలుగుతుంది, స్టేషన్లు పలుకుతుంది. బ్లూటూత్ ఉన్న చిన్న నాలుగు ఛానెళ్ళ ఆంప్లిఫయర్ ఒకటి ముందు సీటు కింద ప్లైవుడ్ ముక్క మీద బిగించి ఉంది, గ్లవ్ బాక్స్ లోపల ఒక చిన్న స్విచ్ ఉంది, అంతే. రేపెవరైనా వద్దనుకుంటే స్క్రూడ్రైవర్‌తో ఒక పూటలో మొత్తం విప్పేయొచ్చు, బండి మీద ఒక్క కొత్త కన్నం కూడా మిగలదు. నాబ్‌లు తిప్పే సరదా ఫోన్ పాటలకీ కావాలనుకుంటే, రిచ్చీ స్ట్రీట్‌లో పాత రేడియోలు బాగుచేసే వాళ్ళ చేత మీ రేడియోలోనే ఫోన్‌కి గుచ్చుకునే ఆక్స్ వైరు వేయించుకోవచ్చు, వాల్యూమ్ నాబ్ దగ్గర కెపాసిటర్ ద్వారా సిగ్నల్ ఇస్తారు, పాట పాత స్పీకర్‌లోంచి ఆ కాలపు గొంతుతోనే వస్తుంది. అది ఒక్క స్పీకర్ మోనో శబ్దం, నాకు ఇష్టమే, మీకు స్టీరియో కావాలంటే మాత్రం సీటు కింద ఆంప్లిఫయరే దారి. పాత ముఖంతో కొత్తగా తయారుచేసే రేడియోలు విదేశాల్లో అమ్ముతారు, కాడల దూరం సర్దుకునే వీలుంటుంది, మంచివే, కానీ తాతగారి అసలు రేడియో ఉండగా వాటి అవసరం నాకు కనపడటం లేదు.

ఇప్పుడు అసలు ముఖ్యమైనది. స్టీరియో పెట్టెలోంచి తీయకముందే బానెట్ ఎత్తి బ్యాటరీ చూడండి. బాడీకి వెళ్ళిన లావు వైరు మైనస్ నుంచి వస్తోందా, ప్లస్ నుంచా? అంబాసిడర్ మూలం మారిస్ ఆక్స్‌ఫర్డ్, ఆ కాలపు ఇంగ్లండ్ బళ్ళలో ప్లస్‌నే బాడీకి కలిపేవారు. మీ బండి కూడా అలాంటిదే కావచ్చు, లేదా మధ్యలో ఏ ఎలక్ట్రీషియనో మార్చి ఉండొచ్చు, చూస్తేనే తెలుస్తుంది. ఇప్పటి స్టీరియోలన్నిటికీ బాడీ అంటే మైనస్, పైన రేకు డబ్బా మైనసే, ఆంటెన్నా వైరు పై జాలీ కూడా మైనసే. ప్లస్ ఎర్త్ బండిలో, అంటే ప్లస్ బాడీకి కలిపిన దాంట్లో, కొత్త స్టీరియో బిగిస్తే వైర్లు సరిగ్గా కలిపినా సరే, డబ్బా రేకుకి తగిలిన క్షణంలో షార్ట్ అవుతుంది. మా స్నేహితుడి 1964 అంబాసిడర్‌లో నా కళ్ళముందే ఇలా జరిగింది. స్టీరియో బిగించే కుర్రాడు అలవాటు కొద్దీ నల్ల వైరు బాడీకి బిగించాడు, ఎర్ర వైరు రెండో కొసకి ఇచ్చాడు, కీ తిప్పగానే పొగ వచ్చి కొత్త సెట్ పోయింది. ఇంకా నయం, వైరింగ్ అంటుకోలేదు.

ప్లస్ ఎర్త్ అయితే మార్చుకోవచ్చు, పెద్ద కష్టం కాదు, కానీ వరస తప్పకూడదు. మొదట తాతగారి రేడియో వైరు విప్పేయండి, ఎందుకంటే బండి పోలారిటీ, అంటే ప్లస్ మైనస్‌ల వైపు, మారితే పాత ట్రాన్సిస్టర్ రేడియో కాలిపోతుంది. కొన్నిటికి వెనక వైపు పోలారిటీ మార్చుకునే స్విచ్చో ప్లగ్గో ఉంటుంది, అది చూశాకే మళ్ళీ కలపాలి. తర్వాత బ్యాటరీ తిప్పి పెట్టాలి, ప్లస్ పోస్ట్ మైనస్ కంటే లావుగా ఉంటుంది కాబట్టి క్లాంపులు కూడా మారతాయి. ఇగ్నిషన్ కాయిల్ మీద రెండు చిన్న వైర్లు అటూ ఇటూ మార్చాలి, యాంపియర్ మీటర్ ఉంటే దానివీ మార్చాలి. చివరగా డైనమోకి (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసి బ్యాటరీని నింపేది) కొత్త పోలారిటీ నేర్పాలి: ఎఫ్ అని రాసి ఉన్న టెర్మినల్ వైరు విప్పి, బ్యాటరీ ప్లస్ నుంచి ఒక వైరుతో ఆ టెర్మినల్‌ని రెండు మూడు సార్లు తాకిస్తారు, చిన్న నిప్పురవ్వ వస్తుంది, అంతే. ఇది చేయకుండా ఇంజిన్ స్టార్ట్ చేస్తే కటౌట్ (డైనమో ఛార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె) పాయింట్లు కాలిపోతాయి. యాభై దాటిన ఆటో ఎలక్ట్రీషియన్లకి ఇదంతా చేతి పని, కుర్రాళ్ళలో చాలామంది డైనమో చూసి ఉండరు, కాబట్టి మనిషిని వెతకడంలో తొందరపడకండి.

డైనమో గురించి ఇంకో మాట. ఆ కాలపు లూకాస్ డైనమో పూర్తి వేగంలో ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు, ఐడ్లింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. వాన పడుతున్న సాయంత్రం కత్తిపారా దగ్గర ఇరుక్కున్నారనుకోండి, హెడ్‌లైట్లకి ఏడెనిమిది, వెనక లైట్లకీ వైపర్‌కీ నాలుగైదు, ఇగ్నిషన్‌కి మూడు నాలుగు, అంతా బ్యాటరీ నుంచే పోతుంది. దానిమీద స్టీరియో మామూలు వాల్యూమ్‌లో రెండు మూడు ఆంపియర్లు తీసుకుంటే పర్వాలేదు, సబ్‌వూఫర్ పెట్టారంటే మాత్రం ఇంటికి తోసుకుంటూ వెళ్ళాలి. అందుకే నేను చిన్న ఆంప్లిఫయర్‌తో ఆగిపోయాను. పెట్టె మీద 50 వాట్లు ఇంటూ నాలుగు అని రాసి ఉంటుంది, అది క్షణకాలపు లెక్క, నిలకడగా వచ్చేది ఛానెల్‌కి ఇరవై లోపే. శబ్దం ఎక్కువ కావాలంటే వాట్లు పెంచడం కన్నా సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్లు, అంటే అదే పవర్‌కి ఎక్కువ శబ్దమిచ్చేవి, కొనండి. 87 డెసిబెల్స్ స్పీకర్ బదులు 90 ఉన్నది పెడితే ఆంప్లిఫయర్ పవర్ రెండింతలు చేసినట్టే, డైనమో మీద ఒక్క చుక్క భారం పడదు. ఇంకోటి, స్టీరియో కలపకముందు ఇంజిన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టించండి. 14, 14.5 వోల్ట్‌లు ఉంటే మంచిది, 15 దాటితే కటౌట్ సరిచేయించేదాకా కొత్త ఎలక్ట్రానిక్స్ ఏదీ కలపొద్దు.

కరెంటు పాత వైరింగ్‌లోంచి తీసుకోనివ్వకండి. అరవై ఏళ్ళ వైరు పై తొడుగు వంచితే పొడిపొడిగా రాలుతుంది, మొత్తం బండికి ఉన్నది రెండే ఫ్యూజులు. బ్యాటరీ నుంచి నేరుగా కొత్త వైరు లాగించండి, బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాలి, ఇంజిన్ గదిలోంచి లోపలికి వచ్చే చోట కన్నం అంచుకి తొడిగే రబ్బరు గ్రోమెట్ ఉండాలి, లేకపోతే రేకు అంచు వైరుని కోసేస్తుంది. ఉన్న కన్నాలే వాడుకోవచ్చు. ఎర్త్ బిగించే చోట రంగు గీకి మెరిసే రేకు కనపడ్డాక బిగించి పైన వాజిలిన్ రాయాలి, మన ఊరి ఉప్పుగాలికి తుప్పు ఆరు నెలల్లో పడుతుంది, సగం స్టీరియో జబ్బులకి మూలం ఆ ఎర్తే. డాష్‌బోర్డ్ కింద బ్రాకెట్‌కి మామూలు స్టీరియోనే వేలాడదీయాలనుకుంటే, అదీ కోతలేని పద్ధతే, దాని పసుపు వైరు బ్యాటరీకి ఎప్పుడూ కలిసి ఉండాలి, ఎరుపు కీకి కలవాలి. కానీ నెలకోసారి తీసే బండి అయితే ఆ పసుపు వైరు కొద్దికొద్దిగా బ్యాటరీ తాగేస్తుంది, కాబట్టి బ్యాటరీ కటాఫ్ స్విచ్ పెట్టించుకోండి, గడియారం ప్రతిసారీ సరిచేసుకోవడం పెద్ద పనేం కాదు.

స్పీకర్లకి తలుపులు కోయించొద్దు. అద్దం పక్కనుంచి కారిన వాన నీళ్ళు తలుపు లోపలే దిగుతాయి, కాగితం కోన్ ఒక్క వానాకాలంలో పోతుంది. వెనక అద్దం కింద అరుగుకి సరిపోయేలా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోయించి, దానికి కోడిగుడ్డు ఆకారం స్పీకర్లు బిగించి, అరుగు మీద పెట్టేయండి. ఎండ నేరుగా పడుతుంది కాబట్టి చుట్టూ ఫోమ్ ఉన్నవి కాకుండా రబ్బరు ఉన్నవి తీసుకోండి. కొత్త ఆంప్లిఫయర్ స్పీకర్ వైర్లలో మైనస్‌ని ఎప్పుడూ బాడీకి కలపకూడదు, పాత రేడియోలకి అలా చేసేవారు, ఇప్పటివాటికి చేస్తే లోపల ఐసీ (చిప్) పోతుంది. మీ బండిలో పాత స్పీకర్ వైరు ఒక్కటే కనపడితే దాన్ని వాడకుండా కొత్తగా రెండేసి వైర్లు లాగించండి.

అన్నీ అయ్యాక ఇంజిన్ వేగంతో పాటు టకటకమనే శబ్దం వస్తే కంగారు పడొద్దు, అది ఇగ్నిషన్ పాయింట్లు, ప్లగ్గుల నిప్పురవ్వల నుంచి వచ్చేది. కార్బన్ కోర్ ప్లగ్ వైర్లు వేస్తే చాలావరకు పోతుంది, కాయిల్ ప్లస్ దగ్గర ఒక కండెన్సర్, కుయ్‌మనే శబ్దం కూడా ఉంటే డైనమో డి టెర్మినల్‌కి ఇంకొకటి. ఎఫ్‌కి మాత్రం పెట్టకూడదు.

మీ బండి యాభై ఏళ్ళు దాటింది కాబట్టి 2021 కేంద్ర నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకునే అర్హత వయసు పరంగా వచ్చింది, దానికి బండి అసలు రూపంలో ఉండాలి. ఎప్పుడో ఆ ఆలోచన వచ్చినా, డాష్‌బోర్డ్ చెక్కుచెదరకుండా ఉంటే మీకే సుఖం.

నాన్నకి ఇప్పుడు ఎనభై నాలుగు, బండి నడపరు, పక్కన కూర్చుంటారు. మొన్న సంక్రాంతికి వెళ్తూ నేను ఫోన్‌లో పాత పాటలు పెట్టాను, తడ దాటాక ఆయన గ్లవ్ బాక్స్ తెరిచి ఆ స్విచ్ ఆపి, నాబ్ తిప్పి విజయవాడ వెతకడం మొదలుపెట్టారు. గూడూరు దాకా అదే విన్నాం.

మీ బ్యాటరీ ఎర్త్ ఏ వైపుందో, ఇంజిన్ నడుస్తుండగా వోల్టేజ్ ఎంతుందో, రేడియో వెనక స్విచ్ ఉందో లేదో చూసి ఇక్కడే రాయండి. వీలైతే రేడియో వెనక భాగం ఫోటో పెట్టండి, వైర్లు ఎలా కలపాలో అది చూసి చెబుతాను.